చెంపలో చిక్కుకున్న గాలి

మొన్న ద్వారకా నగర్‌లో మందుల షాపు ముందు నిలబడి ఉండగా, లోపల ఎవరి చేతిలోంచో చిన్న గాజుసీసా జారి నేల మీద భళ్ళున పగిలింది. మరుక్షణం లవంగ నూనె వాసన గుప్పుమని రోడ్డు మీదికి వచ్చింది. పక్కనున్నవాళ్ళు ముక్కులకి చేతిరుమాళ్ళు అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం మందుల చీటీ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇప్పటి పళ్ళ ఆసుపత్రుల్లో ఆ వాసన అంతగా తెలియదు, అన్నిటికీ కొత్త మందులు వచ్చేశాయి. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో మాత్రం ఇంటికెళ్ళి స్నానం చేసినా, చీర మార్చుకున్నా, అన్నం కలుపుకున్నా వేళ్ళ నుంచి అదే వాసన వచ్చేది. ఆ ఘాటు తగలగానే కంచరపాలెంలో రైలు పట్టాల పక్కనున్న రెండు గదుల ఆసుపత్రి, దానిలో తెల్లకోటు చేతులు మోచేతుల పైకి మడుచుకుని నిలబడ్డ నాయుడు గారు కళ్ళ ముందుకు వచ్చారు. మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. అందుకే ఆయన గురించి రాయాలనిపించింది.

ఆయన పూర్తి పేరు అప్పలనాయుడు. చీపురుపల్లి అవతల ఒక పల్లెలో వరీ నువ్వులూ పండించుకునే కుటుంబం. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆయనే. నాగలి పట్టడానికి పుట్టినట్టు పెద్ద పెద్ద చేతులు. ఆ చేతులు మనిషి నోట్లోకి వెళ్ళేసరికి మాత్రం పిల్లి అడుగులంత మెత్తనైపోయేవి. నేను పళ్ళ డాక్టరుగా పట్టా పుచ్చుకుని, పరాయి ఊళ్ళో హాస్టలు ఖాళీ చేసి విశాఖపట్నం తిరిగొచ్చింది ఎనభైల మొదట్లో. మా నాన్నగారు పోర్టు ఆఫీసులో పని చేసేవారు. నాయుడు గారికి సహాయంగా ఒక డాక్టరు కావాలని ఆయనే ఎక్కడో విని, నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్ళారు. మొదటిరోజు నాయుడు గారు నా మార్కులు అడగలేదు. పేషంట్లు కూర్చునే కుర్చీ చూపించి, "కూసోమ్మా, నోరు తెరువు," అన్నారు. నా పళ్ళు చూస్తారేమో అనుకున్నాను. ఆయన ఊరికే పక్కన నిలబడ్డారు. ఇంతలో బయట గూడ్సు బండి వచ్చింది. కుర్చీ వణికింది, ట్రేలోని పనిముట్లు గలగలమన్నాయి, పోర్టుకు వెళ్ళే ఇనపరాయి ఎర్రదుమ్ము కిటికీలోంచి సన్నగా రాలింది. వ్యాగన్లు ఎంతకీ తెగలేదు.

"ఇప్పుడు నా సేతిలో డ్రిల్లుంటే నీకెలగుంటది?" అని అడిగారు.

"భయంగా ఉంటుంది సార్."

"అదీ. బండి ఎల్లినంతసేపూ సెయ్యి పైకెత్తీయాల. ఇంకో మాట, పైకి సూడు. ఏటి కనబడతంది?"

"సాలెగూడు."

"పేషంటుకి మన మొకం కన్నా ముందు అదే కనబడతాది. రేపు దులిపించీ." నా ఉద్యోగం అలా మొదలైంది.

ఆయన పేషంట్లతో మాట్లాడే తీరు నాకు మొదట్లో నచ్చేది కాదు, నిజమే చెప్పాలి. పోర్టు కలాసీలు, రైల్వే వాళ్ళు, సముద్రం ఒడ్డు నుంచి చేపల బుట్టలతో సహా వచ్చే ఆడవాళ్ళు, స్టీలు ప్లాంటు కట్టడం పనికి దువ్వాడ వైపు లారీల్లో వెళ్ళే కూలీలు, అందరితోనూ వాళ్ళ మాటే మాట్లాడేవారు. "ఏట్రా, మల్లీ బెల్లమెట్టీసినావా పంటికి?" అనేవారు. డాక్టరు అంటే కొంచెం పుస్తకాల భాష ఉండాలని నా అభిప్రాయం. నాకు నచ్చనిది ఇంకొకటి ఉండేది. దవడ చివర అడ్డంగా ఇరుక్కుని బయటికి రాని జ్ఞానదంతాన్ని తియ్యాలంటే ఆయన ఉలీ సుత్తీ వాడేవారు. మత్తు సూది ఇచ్చి, చిగురు విప్పి, ఎముక మీద ఉలి ఆనించి చిన్నగా రెండు దెబ్బలు వేసేవారు. నొప్పి ఉండేది కాదు గానీ ఆ టకటక తలలో మోగేది. బయట బల్ల మీద కూర్చున్నవాళ్ళు ఆ చప్పుడు విని ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోవడం నేను కళ్ళారా చూశాను.

నేను చదివిన కాలేజీలో గాలి ఒత్తిడితో తిరిగే కొత్త డ్రిల్లు ఉండేది. అది తిరిగితే ఈల వేసినట్టు సన్నగా కూస్తుంది, పంటిని వెన్నలా కోస్తుంది. అలాంటిది మనకీ కావాలని నాయుడు గారిని ఆరు నెలలు సతాయించాను. చివరికి తెప్పించారు. దాన్ని బిగించిన రోజు పేషంట్లు దానికి ఈల మిషను అని పేరు పెట్టేశారు. నాయుడు గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దాని మొనలోంచి వచ్చే గాలిని తన అరచేతి మీద చిమ్మించుకుని, "పిప్పిపళ్ళకి వాడమ్మా. జ్ఞానదంతం కాడ మాత్రం ఒద్దు," అన్నారు.

"ఎందుకు సార్? దానికే బాగా పనికొస్తుంది కదా."

"ఒద్దన్నాను కదమ్మా," అని అక్కడితో ఆపేసి చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. ఎప్పుడూ అలా మాట తుంచే మనిషి కాదు. పెద్దవారు, కొత్తది అలవాటు కావడం కష్టం, అదే కారణం అనుకున్నాను. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు.

పైడిరాజు వచ్చింది ఆ తరువాతి వేసవిలో, పెళ్ళిళ్ళు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో. పోర్టులో కలాసీగా పని చేసేవాడు, పెళ్ళిళ్ళ కాలం వస్తే వాళ్ళ బావ నడిపే బ్యాండు మేళంలో క్లారినెట్టు వాయించేవాడు. వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్న విద్య అది. ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో, నవ్వితే మనిషంతా నవ్వేవాడు. కింది దవడలో జ్ఞానదంతం రెండుసార్లు చీము పట్టింది. మందులిచ్చి తగ్గించి, తియ్యాలని నాయుడు గారు ముందే నిర్ణయించారు. తీరా ఆ రోజు పొద్దున్న నాయుడు గారు బంధువుల్ని రైలెక్కించడానికి దువ్వాడ వెళ్ళారు. మధ్యాహ్నానికి వచ్చేస్తానన్నారు. పైడిరాజు కుర్చీ ఎక్కుతూనే రెండు చేతులూ జోడించాడు.

"డాక్టరమ్మా, నాలుగు రోజుల్లో పెద్ద పెళ్ళుంది. ఊదకపోతే మా బావ సంపేత్తాడు. ఇయ్యాలే తీసీండి. గానీ ఆ సుత్తి మాత్రం ఒద్దమ్మా. మా ఈదిలో ఒకడు సెప్పినాడు, తలకాయలో గుడిగంట కొట్టినట్టుంటాదంట."

నాయుడు గారు వచ్చేదాకా ఆగమని చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. సుత్తి లేకుండా ఎంత హాయిగా పని అవుతుందో చూపించాలనిపించింది. పైడిరాజుకు కాదు, నాయుడు గారికి. సూది వేశాను, చిగురు విప్పాను, ఈల మిషనుతో పంటిని రెండు ముక్కలుగా కోశాను. ఇరవై నిమిషాల్లో రెండు ముక్కలూ ట్రేలో ఉన్నాయి. కుట్లు వేస్తూ చెంపను వేళ్ళతో పట్టుకున్నప్పుడు అది కొంచెం ఉబ్బినట్టు అనిపించింది. నొక్కితే వేలి కింద ఏదో చిటపటలాడింది, మరమరాల పొట్లాన్ని పైనుంచి అదిమినట్టు. ఒక్క క్షణం ఆగాను. సూదిమందు వల్ల వచ్చిన ఉబ్బులే అని నాకు నేనే చెప్పుకుని దారం ముడి వేశాను. దూది కొరికించి, మాత్రలు రాసిచ్చి, చన్నీళ్ళ గుడ్డ పెట్టుకోమని పంపేశాను. పనిముట్లు కూడా కడగకుండా కాసేపు కుర్చీ పక్కన నిలబడి ఆ రెండు ముక్కల్నీ చూసుకుని మురిసిపోయాను.

మధ్యాహ్నం మూడు దాటాక వీధిలో కేకలు వినిపించాయి. పైడిరాజు భార్య నూకరత్నం అతన్ని రిక్షాలోంచి దించుతోంది. అతన్ని నేను వెంటనే గుర్తుపట్టలేకపోయాను. ఎడమవైపు మొహం గుమ్మడికాయలా పొంగింది, కన్ను పూర్తిగా మూసుకుపోయింది, మెడ భుజంలో కలిసిపోయింది.

"ఓలమ్మో, నా మొగుణ్ణి ఏటి సేసీసినారమ్మా! పొద్దున్న నవ్వుతా ఎల్లినోడు!" అని ఆమె గుమ్మంలోనే కూలబడింది.

సూదిమందు పడలేదు, ఇక ఊపిరి ఆగిపోతుంది అనుకున్నాను. దానికి విరుగుడు మందు కోసం అల్మారా తెరిచి, సిరంజిలోకి ఎక్కించబోతుంటే వెనకనుంచి నాయుడు గారి చెయ్యి నా మణికట్టు మీద పడింది. ఆయన అప్పుడే దువ్వాడ నుంచి వచ్చారు, చంకలో గొడుగు కూడా అలాగే ఉంది. "ఆగమ్మా," అన్నారు. పైడిరాజును కూర్చోబెట్టి చెంప మీద రెండు వేళ్ళు ఆనించి మెల్లగా నొక్కారు. కంటి కింద, దవడ కింద, మెడ పక్కన, గొంతు కింది గుంట దాకా అలాగే నొక్కుకుంటూ వెళ్ళారు. తరువాత నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టించారు. పొద్దున్న నా వేలికి తెలిసిన చిటపటే. ఇప్పుడు మొహమంతా ఉంది.

"సీమూ కాదు, రత్తమూ కాదు, మందు పడకపోడమూ కాదు. గాలమ్మా. సర్మం కిందికి గాలి దూరిపోనాది," అన్నారు. పైడిరాజు వైపు తిరిగి, "ఒరే, నీ పేరు సెప్పు. గట్టిగా సెప్పు. గుండెల్లో నొప్పేటైనా ఉందా? గాలి పీల్సుకోగలుగుతన్నావా?" అని వరసగా అడిగారు.

"పీల్సుకుంటన్నాను బాబూ. నొప్పి నేదు. బిగదీసినట్టుంది, అంతే. ఇంటికెల్లి కూసుని రెండు పాటలు ఊదినాను. పెళ్ళిలో కొత్త పాట ఉంది, సాధకం సెయ్యాల కదా. ఊదతంటే ఊదతంటే ఇలగైపోనాది."

ఆ మాట నాకు నీళ్ళల్లో కొట్టుకుపోయే మనిషికి చెట్టుకొమ్మ దొరికినట్టు దొరికింది. "అదే సార్! కుట్లు వేసిన చోట ఊదడం వల్లే గాలి వెళ్ళింది," అన్నాను. గట్టిగానే అన్నాను. నూకరత్నం ఏడుపు ఆపి మొగుడి వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. నాయుడు గారు తల తిప్పారు. గోడ వైపు ఒకసారి చూశారు. ఈల మిషను గొట్టం ఇంకా రక్తపు మరకలతో వేలాడుతోంది, ట్రేలో కోసిన పంటి ముక్కలు రెండూ ఉన్నాయి. "పదండి, పెద్దాసుపత్రికి," అన్నారు అంతే.

పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. ఆ గాలి మెడలోంచి ఛాతీలోకి, గుండె చుట్టుపక్కలకి దిగితే ప్రాణం మీదికి రావచ్చు. ఆ మాట నాయుడు గారు దారిలో నా ఒక్కదానికే వినిపించేలా చెప్పారు. ఫిల్ము తడి ఆరేదాకా ఆయనా నేనూ వరండాలో నిలబడ్డాం. చివరికి అక్కడి డాక్టరు వచ్చి, ఛాతీ బాగానే ఉంది, గాలి మెడ దగ్గరే ఆగింది, ఒకటి రెండు రోజులు ఇక్కడే ఉంచి చూస్తాం, క్రిములు చేరకుండా మందులిస్తాం, గాలి దానంతటదే ఇంకిపోతుంది అన్నారు. నాయుడు గారు గొడుగు గోడకి ఆనించి, రెండు చేతులతో మొహం తుడుచుకున్నారు.

మర్నాడు పొద్దున్న ఆసుపత్రి తెరిచేసరికే నేను వెళ్ళి కూర్చున్నాను. ఆయన వచ్చి కోటు తగిలించుకుంటుంటే, "సార్, ఒక మాట చెప్పాలి," అన్నాను.

"సెప్పమ్మా."

"మీరు వద్దన్న పని చేశాను. పంటిని ఈల మిషనుతోనే కోశాను. పైడిరాజు కుర్చీ దిగకముందే చెంప కొంచెం పొంగింది, నా వేలికి తెలిసింది. పట్టించుకోలేదు. నిన్న ఊదడం వల్ల అన్నాను గానీ..." ఆ వాక్యం పూర్తి కాలేదు, ఏడుపొచ్చేసింది.

ఆయన బల్ల మీద కూర్చున్నారు. "తెలుసమ్మా. గొట్టం సూసేను, ముక్కలు సూసేను. నువ్వే సెప్తావని ఆగేను," అన్నారు. కోటు బొత్తాలు పెట్టుకుంటూ, "ఒద్దన్నాను గానీ ఎందుకొద్దో నీకు సెప్పనేదు. సగం తప్పు నాది," అన్నారు.

అప్పుడు చెప్పారు. ఆయన ప్రాక్టీసు పెట్టిన కొత్తలో చేపలమ్మే ఒకామె పంటినొప్పితో వచ్చిందట. పంటి వేరు లోపల తడి ఆరాలని గాలి గొట్టం పెట్టి ఊదారు. చూస్తుండగానే ఆమె మొహం ఇలాగే పొంగింది. ఆయనకు కంగారు పుట్టింది. ఊరికి కొత్త, పేరు పోతుందేమోనని భయం. "నీ ఒంటికి సూదిమందు పడనేదు, ఇంకెప్పుడూ ఎక్కడా సూది ఏయించుకోకు," అని చెప్పి పంపేశారు. వారానికి వాపు తీసింది. ఆ సంగతి అందరూ మర్చిపోయారు. ఏడేళ్ళ తరువాత ఆమె మళ్ళీ వచ్చింది, వేరే పన్ను పీకించుకోవడానికి. ఆయన సూది అందుకోగానే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, "సూది ఒద్దు బాబూ, నాకు పడదు, మీరే సెప్పినారు కదా. ఉత్తినే లాగీండి, ఓర్సుకుంటాను," అంది.

"సూది పక్కనెట్టీసినానమ్మా," అన్నారు నాయుడు గారు. "నిజం సెప్పీసినాను. నీకు సూది పడకపోడమేటీ నేదు, తప్పు నాది, ఆరోజు భయపడి అబద్ధమాడినాను అన్నాను. ఆవిడ నన్ను తిట్టనేదు. నా పిల్లది పుట్టినప్పుడు నాకు కుట్లు ఏత్తంటే కూడా సూది ఒద్దన్నాను బాబూ, అంది. ఒకే ఒక్క మాట. అదే నాను నీకు సెప్పుకోలేకపోనాను. మిషను ఎందుకొద్దో సెప్పాలంటే ఇది సెప్పాల కదా."

బయట గూడ్సు బండి వెళ్తోంది. చివరి వ్యాగను దాటాక ఆయన లేచి, "పద, పైడ్రాజు కాడికి. నాను పక్కన నిలబడతాను. సెప్పేది మాత్రం నువ్వే," అన్నారు.

వార్డులో పైడిరాజు దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. మూసిన కన్ను కొంచెం చీలికలా తెరుచుకుంది. మనిషిలో మాత్రం నవ్వు లేదు. మంచం పక్కన వాళ్ళ బావ, బ్యాండు మేస్త్రి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నూకరత్నం మంచం కింద కూర్చుంది.

"ఇంక దాన్ని ముట్టుకోను బాబూ," అన్నాడు పైడిరాజు, మమ్మల్ని చూడగానే. "బావకి సెప్పీసినాను, ఇంకోణ్ణి సూసుకోమని. మా అయ్య అరవయ్యేళ్ళు ఊదినాడు, ఆయనకేటీ కానేదు. నా ఊపిరిలోనే ఏదో దోసముంది. నా గాలే నన్ను తినీబోయింది."

"ఆ పీపీని అటకెక్కించీసినాను," అంది నూకరత్నం. "దాని మాటెత్తితే ఊరుకోను."

నా మాట ఎంతదూరం పోయిందో అప్పుడు అర్థమైంది. మరో ఏడేళ్ళు అక్కర్లేదు, ఒక్క రోజులోనే ఒక మనిషి దగ్గర నుంచి వాళ్ళ నాన్న ఇచ్చిన విద్యను లాగేసుకున్నాను. అప్పటిదాకా అతన్ని నువ్వు అనే పిలిచేదాన్ని. ఆ పూట నాకు తెలియకుండానే మీరు అని వచ్చింది.

"పైడిరాజు గారూ, ఇది నా చేతి వల్ల జరిగింది. ఆ ఈల మిషను ముందు నుంచి గాలి చిమ్ముతుంది. చిగురు విప్పి ఉన్న చోట ఆ గాలి చర్మం కిందికి దూరింది. మీరు కుర్చీ దిగకముందే కొంచెం పొంగింది. నాకు తెలిసి కూడా ఊరుకున్నాను. రెండు వారాలు ఏమీ ఊదవద్దని చెప్పాల్సింది, అదీ చెప్పలేదు. మీరు ఊదితే ఉన్నది పెరిగిందేమో గానీ మొదలుపెట్టింది నేను. మీ ఊపిరిలో ఏ దోషమూ లేదు."

ముందు నూకరత్నం లేచింది. "నిన్నట్నుంచి నా మొగుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టీసినాను కదమ్మా! నీ పీపీ వల్లే, నీ బుద్ధి వల్లే అని. మొకం వాసిపోయి కూసున్నోణ్ణి. అదేదో నిన్ననే సెప్పొచ్చు కదా?" ఆమె కళ్ళల్లో నీళ్ళు, కోపం రెండూ ఉన్నాయి.

"చెప్పాల్సిందమ్మా. భయపడ్డాను," అన్నాను.

అప్పుడు మంచం మీద నుంచి ఒక వింత చప్పుడు వచ్చింది. పైడిరాజు నవ్వుతున్నాడు. సగం మొహమే కదులుతోంది, నొప్పికి చెంప పట్టుకుంటున్నాడు, అయినా నవ్వుతున్నాడు. "అదీ మరి! నా గాలైతే శ్రుతిలో ఉండును కదా బావా. అది మిషను గాలి, అందుకే సిటపటలాడతంది!"

బావ గారు మాత్రం నవ్వలేదు. "నవ్వుతావేట్రా? మూడు రోజుల్లో పెళ్ళి, క్లారినెట్టెవడు ఊదతాడు?" అన్నాడు. నాయుడు గారు అతని భుజం మీద చెయ్యి వేసి వరండాలోకి తీసుకెళ్ళారు. ఏం మాట్లాడారో పూర్తిగా వినబడలేదు. "తప్పు మాది, ఆడి జాగా ఆడికే ఉంచాల" అన్న మాట ఒక్కటే తలుపు దాకా వచ్చింది. తిరిగొచ్చాక బావ, "సరే, ఊదడానికి నేదు గానీ నడవడానికేటి? తాళాలు పట్టుకో," అన్నాడు.

ఆ పెళ్ళి ఊరేగింపు సాయంత్రం కంచరపాలెం మెట్ట దిగి మా ఆసుపత్రి ముందు నుంచే వెళ్ళింది. నాయుడు గారూ నేనూ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాం. ఎర్రకోట్ల బ్యాండులో మూడో వరసలో ఇంకా కాస్త ఉబ్బిన చెంపతో పైడిరాజు ఇత్తడి తాళాలు వాయిస్తూ వస్తున్నాడు. నన్ను చూసి చెంప వైపు వేలు చూపించి, తాళాలు రెండూ దగ్గరగా పెట్టి సన్నగా ఆడించాడు. చిటపట అన్నమాట. నాయుడు గారు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను, నాలుగు రోజుల్లో మొదటిసారి.

రోజూ డ్యూటీ దిగాక వచ్చి చెంప చూపించుకునేవాడు. రోజురోజుకీ నా వేళ్ళ కింద ఆ చిటపట తగ్గుతూ వచ్చింది. మెడలో పోయింది, కంటి కింద పోయింది, చివరికి దవడ మూల ఒక్కచోట మిగిలి, అదీ పోయింది. గాయం పూర్తిగా పూడిందని నాయుడు గారు ఒప్పుకున్నాక, మూడో వారంలో, పైడిరాజు క్లారినెట్టు పట్టుకుని వచ్చాడు. వెనక నూకరత్నం. దాన్ని అటక మీంచి దించి తుడిచింది తనేనని ఆమె చెప్పలేదు, అతనే చెప్పాడు. "ఇక్కడే ఊదతానమ్మా. మీరు సెయ్యెట్టుకుని సూడండి. గాలెల్తే ఆపీమని సెప్పండి," అన్నాడు.

కుర్చీలో కూర్చోబెట్టి అతని చెంప మీద రెండు వేళ్ళు ఆనించాను. మొదట మెల్లగా ఒకే స్వరం పట్టాడు. చెంప బిగిసింది, వేళ్ళ కింద ఏమీ లేదు, ఉత్త కండ. "ఊదండి," అన్నాను. పెళ్ళిలో వాయించలేకపోయిన ఆ కొత్త పాట అందుకున్నాడు. బయట బల్ల మీద పేషంట్లు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. సగంలో గూడ్సు బండి వచ్చింది. అద్దాలు గలగలమన్నాయి, నా అలవాటు కొద్దీ చెయ్యి ఎత్తబోయాను. అతను ఆపలేదు. బండి చప్పుడు మీదనే ఊదుకుంటూ పోయాడు. నేనూ వేళ్ళు తియ్యలేదు. పాట అయిపోయాక నూకరత్నం నా వైపు చూసి, "బాగుందా అమ్మా?" అంది. పాట గురించి అడిగిందో, చెంప గురించి అడిగిందో నాకు తెలియలేదు. "బాగుంది," అన్నాను. రెండూ బాగానే ఉన్నాయి.

నాయుడు గారు ఈల మిషనును తీసిపారెయ్యలేదు. పిప్పిపళ్ళకు దాన్నే వాడేవాళ్ళం. జ్ఞానదంతాలకు ముందు వైపు గాలి చిమ్మని వేరే డ్రిల్లు తరువాత తెప్పించారు. దాన్ని వాడటం నేనే ఆయనకు నేర్పాను, ఆయన సుత్తిని అల్మారాలో పెట్టేశారు. మా దగ్గరకు కొత్తగా ఎవరు పనికి వచ్చినా, చేపలమ్మే ఆమె సంగతి ఆయనే చెప్పేవారు, ఏదీ దాచకుండా. మొదటిసారి చెప్పినప్పుడు సగంలో లేచి చేతులు కడుక్కుని వచ్చారు. తరువాత తరువాత మామూలుగా చెప్పగలిగారు. ఒకసారి నేను, "పైడిరాజు సంగతి మాత్రం మీరు చెప్పరేం సార్?" అని అడిగితే, "అది నీది కదమ్మా, నువ్వే సెప్పుకో," అన్నారు. అప్పటినుంచి అది నేనే చెప్తున్నాను.

ఏడేళ్ళు ఆయన దగ్గర పనిచేసి సొంతంగా పెట్టుకున్నాను. పెద్దవారయ్యాక ఆయన పళ్ళు చూపించుకోవడానికి నా దగ్గరికే వచ్చేవారు. చివరిసారి వచ్చినప్పుడు ఒక పాత దవడపన్ను పీకుతుంటే వేరు పుటుక్కున విరిగి లోపల ఉండిపోయింది. నా గురువు నోట్లో. పనిముట్టు పక్కన పెట్టి, ఆయన కళ్ళలోకి చూసి, "సార్, వేరు విరిగింది. నా చేతి వల్లే. ఇంకో పది నిమిషాలు పడుతుంది," అన్నాను. మత్తుకు మొద్దుబారిన పెదాలతో ఆయన వంకరగా నవ్వారు.

"సెప్పీసినావు కదా," అన్నారు. "ఇంకేటి, తీసీ."

ఆ తరువాత రెండేళ్ళకు ఆయన పోయారు, నిద్రలోనే, ఎవరికీ కష్టం లేకుండా. నాకు ఆయన వదిలిన వస్తువేదీ లేదు. నలభై ఏళ్ళ పనిలో నా చేతులు ఇంకా చాలాసార్లు తప్పాయి. తప్పినప్పుడల్లా ఏదో ఒక సాకు నోటి చివరిదాకా వస్తుంది, అది ఈ వయసులోనూ మానలేదు. కానీ పేషంటు కళ్ళు తెరిచి ఏమైంది అని అడిగేలోగా, నేనే కుర్చీని వారి ఎత్తుకు జరుపుకుని కూర్చుంటాను. నా చేతి వల్ల జరిగింది అన్న మాటే ముందు చెప్తాను. ఆ మాట బయటపడ్డాక మళ్ళీ పనిముట్టు అందుకుంటాను.